జేమర్సన్ బాస్ మోత మామూలు గిటార్‌లో వచ్చేదెట్లా?

కావలి_నాలుగుతీగలు:
అన్నలూ, పెళ్లి ఆర్కెస్ట్రాలో బాస్ వాయిస్తా. పీ-బాస్ (ఫెండర్ ప్రెసిషన్) తరహా చవక గిటార్, రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టిన) తీగలు. అమెరికా మోటౌన్ రికార్డు కంపెనీ పాటల్లో జేమ్స్ జేమర్సన్ వాయించిన బాస్ దుమ్ దుమ్మని తెగ్గొట్టినట్టు పలుకుద్ది. నాది టంగుమని సాగతా ఉండాది. ఇంకో గిటార్ కొనాలా? సోల్, జాజ్ వాయించేదానికి ముందేం పట్టుకోవాలి?

పెన్నగట్టు:
గిటార్ వద్దబ్బాయ్, తీగలు మార్చు. ఆయనది 1962 ఫెండర్ ప్రెసిషన్. లా బెల్లా కంపెనీ ఫ్లాట్‌వౌండ్ (చదును రేకు చుట్టిన) తీగలు, మందం .052 నుంచి .110 అంగుళం దాకా. తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జి (తీగల్ని కింది కొసన మోసేది) మూత కింద స్పాంజి, మీటేది చూపుడువేలొకటే.

అంత లావు తీగలు నువ్వేస్తే మెడ ముందుకు వంగుద్ది, నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడిలో కూర్చోవు కూడా. .045–.105 ఫ్లాట్‌వౌండ్ చాలు. శ్రుతి చేసి, మొదటి ఫ్రెట్టూ (మెడ మీది మెట్టు) చివరి ఫ్రెట్టూ నొక్కిపట్టి 7వ ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్టుకీ మధ్య సందు చూడు. విజిటింగ్ కార్డు మందం, 0.3 మి.మీ. అటూఇటూ ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్ (మెడ లోపలి ఇనుప కడ్డీ) కుడివైపు పావు చుట్టు బిగించి, మళ్లీ శ్రుతి చేసి, రాత్రంతా వదిలేసి చూడు. బిగుసుకుపోయుంటే బలవంతం చెయ్యొద్దు, రాడ్ తెగితే మెడే పోద్ది.

స్పాంజి బ్రిడ్జికి ఆనించి తీగల కింద, తాకీ తాకనట్టు. తీగని పైకి నెట్టిందంటే శ్రుతి తప్పుద్ది.

ఒంగోలు_మంద్రం:
స్పాంజి సరే, సగం సంగతి ఎడంచేతిలో ఉంది. ఆయన నేర్చుకున్నది నిలువు బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద బాస్) మీద. అందుకే ఖాళీ తీగలు (ఎడంచేత్తో నొక్కకుండా మీటేవి) అంతగా వాడతాడు. జాజ్ నడక సాధనకి, సీ కార్డు నుంచి ఎఫ్ కార్డుకి పోవాలంటే సీ, ఈ, జీ, ఎఫ్ షార్ప్ నాలుగు దెబ్బలు, ఐదోది ఎఫ్. పన్నెండు శ్రుతుల్లోనూ ఇట్లాగే. మెట్రోనోమ్ 60లో పెట్టి ఆ టిక్కుల్ని 2, 4 దెబ్బలుగా లెక్కేస్తే నడక 120. స్పాంజి పెట్టాక స్వరం పొట్టిదవుద్ది కదా, ఖాళీ కనిపించిందని నింపేస్తారు చాలామంది. అక్కడే చెడేది.

బతుకుతెరువు సంగతి కూడా చెప్తా, ఆయన పగలు స్టూడియో, రాత్రి డెట్రాయిట్ క్లబ్బుల్లో జాజ్. మోటౌన్ రికార్డు అట్టల మీద వాద్యగాళ్ల పేర్లు 1971 దాకా దాదాపు వేయనేలేదు. చెన్నై రికార్డింగులకి పోతే డబ్బూ పేరూ ముందే రాయించుకో.

కావలి_నాలుగుతీగలు:
సరేనన్నా. జనరేటర్ మీద గుయ్యిమంటది, తీగ పట్టుకుంటే తగ్గుద్ది. మైకుకి మూతి తగిలితే చురుక్కుమంటది.

పెన్నగట్టు:
గుయ్యిమనేది గిటార్ లోపల షీల్డింగ్ (మోత చొరబడకుండా వేసే రేకు కవచం) చాలక, దానికి కంగారు లేదు. చురుక్కుమంటే మాత్రం ఆపెయ్, అది ఎర్తింగ్ లోపం, ప్రాణం మీదికొస్తది. మైకు మిక్సరూ నీ ఆంపూ ఎర్త్ ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకోవాలి, జనరేటర్‌కి ఎర్త్ కొట్టారో లేదో లైటింగ్ వాళ్లని అడుగు. మోత తగ్గుద్దని ప్లగ్గు ఎర్త్ పిన్ను పీకొద్దు. అందుకు డీఐ బాక్సులో (గిటార్‌ని మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె) గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చుంటది, అది సిగ్నల్ తీగ ఎర్త్‌ని మాత్రమే విడదీస్తది.