డన్నిగన్ గొప్ప డిజైనరా, గొప్ప సంపాదకుడా?

శేషు:
జేమ్స్ డన్నిగన్ పేరెత్తితే ఈ ఫోరంలో చాలామంది దణ్ణం పెట్టేస్తారు. బోర్డు మీద ఆడే యుద్ధ క్రీడలు వంద దాటి డిజైన్ చేశాడు, కాదనను. 1967లో అవలాన్ హిల్ కంపెనీకి ‘జట్లాండ్’, మరుసటి ఏడు ‘1914’ అనే ఆట. 1969లో సంచికతో పాటు ఒక ఆట ఇచ్చే ‘స్ట్రాటజీ అండ్ టాక్టిక్స్’ పత్రిక తీసుకుని ఎస్‌పీఐ అనే ఆటల కంపెనీ పెట్టాడు, 1980లో దాన్ని వదిలేశాడు. ఆ పదకొండేళ్లలో ఆయన చేసింది గొప్ప సంపాదకత్వమే, డిజైన్ కాదు. సంచికకో ఆట కావాలి కాబట్టి ఆట అచ్చయ్యేది, సగం ఉడికినా సరే.

షట్కోణం:
ఆయన ట్యాంకు యుద్ధాల ఆట ‘పాంజర్‌బ్లిట్జ్’ (1970) ఒక్కటి చాలండీ, మీ మాట నిలవదు. అప్పటిదాకా పేరున్న ఆటల్లో కౌంటరంటే (దళాన్ని చూపే అట్ట బిళ్ల) ఎక్కువగా డివిజన్, కోర్ లాంటి వేలమంది దళం. ఇందులో ప్లటూన్, కంపెనీ లాంటి చిన్న దళం. హెక్స్ (బోర్డు మీది ఆరు మూలల గడి) 250 మీటర్లు, వంతు 6 నిమిషాలు. లెక్క వేయండి: కదలిక అంకె 10 ఉన్న, అంటే వంతుకు 10 హెక్స్‌లు కదిలే ట్యాంకు దళం ఒక వంతులో 2.5 కిలోమీటర్లు పోతుంది, అంటే గంటకు 25. ఆ కొలతల్లోంచే అంకె పుట్టింది, ఊహించి వేసింది కాదు. కౌంటర్ మీద దాడి, ఆయుధ రకం, రేంజి, రక్షణ, కదలిక అన్నీ కనిపిస్తాయి. ట్యాంకులను కొట్టే ‘ఏ’ రకం ఫిరంగి లారీల మీద, కాల్బలం మీద కాలిస్తే దాని బలం సగమే. మూడు బోర్డుల్ని ఎటు తిప్పి కలిపినా రోడ్లు, కొండలు అతుకుతాయి. ఇదంతా సంపాదకుడి పనా?

శేషు:
అదే ఆటలో అడవి సంగతి చెప్పరేం? అడవిలోనో ఊళ్లోనో ఉన్న దళాన్ని కాల్చాలంటే మన దళం ఒకటి దాని పక్క హెక్స్‌లో ఉండాలి. ముందు కాల్పులు, తర్వాత కదలిక, రెండూ ఎవరి వంతులో వాళ్లవి. కాబట్టి నేను నా వంతులో అడవి నుంచి బయటికొచ్చి, మైదానం మీదుగా పరుగెత్తి, ఇంకో అడవిలో దూరిపోతే మీ ఫిరంగులకు నేను దొరకను. 6 నిమిషాలు, 2 కిలోమీటర్ల ఖాళీ నేల, మీ వైపు ఒక్క గుండు కూడా పేలదు. దీనికి ఆటగాళ్లు ‘పాంజర్‌బుష్’ (బుష్ అంటే పొద) అని పేరే పెట్టారు.

కాకినాడ_కెప్టెన్:
1974లో దాని తర్వాతి ఆట ‘పాంజర్ లీడర్’లో ఎదుటివాడు కదులుతుండగా కాల్చే రూలు వచ్చింది కదండీ. అక్కడితో అయిపోయింది.

శేషు:
నాలుగేళ్ల తర్వాత, ఇంకో పెట్టెలో. మొదటి పెట్టె కొన్నవాడి సంగతి?

షట్కోణం:
మొదటి పెట్టె కొన్నవాడు అరగంటలో సరిచేసుకోగలడు. ఎదుటి దళం మీ కనుచూపులో, మీ రేంజిలో అడవీ ఊరూ లేని హెక్స్‌లోకి రాగానే ఆపి కాల్చండి, మామూలు ఫలితాల పట్టికే వాడండి. కాల్చిన దళం మీద గుర్తు పెట్టి, దాని తర్వాతి వంతులో కాల్పులు మానిపించండి. ఒక దళానికి ఒక్క అవకాశమే. ఆ హద్దు లేకపోతే ఒకే ఫిరంగి హెక్స్ హెక్స్‌కీ కాలుస్తుంది, ఇక ఎవరూ అడవి దాటి బయటికి రారు, ఆట అక్కడే ఆగిపోతుంది. అడవి అడవి అని ఒక్క రూలు పట్టుకుని వేలాడటం విమర్శ కాదు.

పాచికలవాడు:
షట్కోణం గారి రూలుతో ఆట కనీసం గంట పెరుగుతుంది. ప్రతి అడుగుకీ “ఆగు, కనిపిస్తున్నావా” అని దారం పట్టి కొలవాలి.

వాణి:
ఇద్దరూ ఎస్‌పీఐ ఆటల రూపకర్త రెడ్మండ్ సైమన్సెన్‌ని వదిలేశారు. ఎస్‌పీఐ రూల్‌బుక్‌లో 5.0, 5.1, 5.11 అని అంకెలు వేసిన పద్ధతి, కౌంటర్ల మీది గుర్తులు, 22×34 అంగుళాల మ్యాపుల రూపం ఆయన చలవే. అంకెల పద్ధతి వల్ల గొడవ వస్తే “5.11 చూడు” అంటే చాలు. ఇంకో సంగతి. పత్రికతో వచ్చే ఆటకు కౌంటర్ షీట్ ఎంత ఉండాలో ముందే తేలిపోయేది. నూరు గళ్లుంటే ఏ పటాలం ఉండాలో, ఏది పోవాలో షీటే తేల్చేస్తుంది. అందులో ఇమిడ్చి నడిచే ఆట చేయడం డిజైనే. పాఠకులు 1 నుంచి 9 దాకా మార్కులు వేసి పంపే కార్డులు చూసి తర్వాతి ఆటలు ఎంచుకోవడం సంపాదకత్వం. రెండూ ఒకే మనిషి చేశాడు.

శేషు:
వాణి గారూ, షీటు చిన్నదైతే ఆట చిన్నదవ్వాలి, రూలు తప్పవ్వకూడదు. రూల్‌బుక్‌ని ఆట ఎప్పుడూ చూడనివాళ్ల చేతికిచ్చి, డిజైనర్ నోరు విప్పకుండా పక్కన కూర్చుంటే అడవి లోపం మొదటి సాయంత్రమే బయటపడుతుంది. ఆఫీసులోవాళ్లే ఆడితే రూల్లో లేనిది నోటిమాటగా పూరించేసుకుంటారు, ఎవరికీ తెలియదు. ఆ పరీక్షకు వారాలు కావాలి. రెండు నెలలకో ఆట పెట్టుకున్నవాడికి ఆ వారాలుండవు. డబ్బు పుచ్చుకుని మాతో పరీక్ష చేయించారు, అదీ నా బాధ. మీరంతా దాన్ని గొప్పతనం అంటున్నారు.

షట్కోణం:
ఇప్పుడు అసలు మాట అన్నారు. మీకు ఆటంటే కొన్న వస్తువు. డన్నిగన్‌కి అది యుద్ధం గురించి ఒక వాదన: ఇన్ని దళాలు, ఇంత దూరం, ఇంత సమయం పెడితే ఇలా జరగొచ్చని. నచ్చకపోతే అంకె మార్చి మళ్లీ ఆడి చూడమనే వాదన. అందుకే అమెరికా సైన్యం కోసం 1976లో ‘ఫైర్‌ఫైట్’ చేయగలిగారు. కంప్యూటర్ గేములో లోపలి లెక్క మీకు కనపడుతుందా? ఇక్కడ పట్టిక మీ ఎదుటే ఉంది.

శేషు:
వాదన కూడా దిద్దాకే అచ్చుకు వెళ్లాలి. వంద ఆటలు కాకుండా ముప్ఫై చేసి ఉంటే ముప్ఫై మిగిలేవి.

వాణి:
ఆ ముప్ఫైలో ‘పాంజర్‌బ్లిట్జ్’ ఉండేదో లేదో! అది కూడా ముందు పత్రిక 22వ సంచికలో చిన్న ఆటగా వచ్చి, తర్వాతే పెట్టెలోకి ఎక్కింది. సంచికకో ఆట అన్న ఒత్తిడి లేకపోతే ప్లటూన్ స్థాయి ఆటను ఏ కంపెనీ ముందుగా నమ్మేది?

శేషు:
ఆ సంచిక సంగతి ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.

కాకినాడ_కెప్టెన్:
షట్కోణం గారూ, మీ రూల్లో కాల్పుల దెబ్బకు చెదిరిన దళం కదులుతున్నవాడి మీద కాల్చొచ్చా?

షట్కోణం:
కాల్చకూడదు. చెదిరిందని బోర్లా తిప్పిన కౌంటర్ తేరుకునేదాకా దానికి కాల్పులూ లేవు, కదలికా లేదు.