చెత్త కాల్చే కేంద్రం పొగను ఇంటి సెన్సర్‌తో నిరూపించగలమా? (చెన్నై, మణలి వైపు)

ప్రశ్న: నమస్కారమండీ. మా ఇంటికి కిలోమీటరు దూరంలో చెత్త కాల్చే కేంద్రం ఉంది. రాత్రి పొద్దుపోయాక ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది, అమ్మకు దగ్గు ఎక్కువవుతుంది. ఫిర్యాదు చేస్తే అన్నీ పరిమితిలోనే ఉన్నాయంటున్నారు. గాలి నాణ్యత చూపే చిన్న సెన్సర్ కొంటే రుజువు దొరుకుతుందా?

జవాబు: కొంతవరకే. ఆ సెన్సర్ లేజర్ కాంతితో ధూళి కణాలను మాత్రమే పసిగడుతుంది. డయాక్సిన్లు (చెత్త కాలేటప్పుడు పుట్టే విషపదార్థాలు), పాదరసం దానికి తెలియవు. పైగా చెన్నై తేమకు కణాలు ఉబ్బి అంకె పెరుగుతుంది. కాబట్టి రెండు పెట్టండి: కేంద్రానికి గాలి వచ్చే వైపు ఒకటి, పొగ వెళ్ళే వైపు ఒకటి. పనికొచ్చేది ఆ రెండింటి తేడా. మణలిలోనూ కొడుంగైయూర్‌లోనూ ప్రభుత్వ గాలి నాణ్యత కేంద్రాలున్నాయి, వాటి అంకెలతోనూ పోల్చండి.

అన్నిటికన్నా ముఖ్యం ఒక నోటుపుస్తకం. వాసన ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తగ్గింది, గాలి ఎటు వీస్తోంది, ఏ రోజుకారోజు రాయండి. చిమ్నీ రికార్డులో (కేంద్రంలోని యంత్రాలు పొగను నిరంతరం కొలిచి రాసే అంకెల్లో) ఏ గంట అడగాలో అదే చెబుతుంది.

ప్రశ్న: చిమ్నీ రికార్డు మనకిస్తారా?

ఇంకొకరి జవాబు: సమాచార హక్కు చట్టం కింద తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలిని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. కానీ "కాలుష్య వివరాలు" అని రాయకండి, నెల సరాసరి పంపి ఊరుకోవచ్చు. మీ పుస్తకంలోని తేదీలు, గంటలు పెట్టి రెండో దహన గది (చెత్త నుంచి వచ్చిన పొగను మళ్ళీ కాల్చే గది) ఉష్ణోగ్రత, కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ శాతం అడగండి. 2016 ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆ గదిలో కనీసం 950 డిగ్రీల వేడి ఉండాలి, వాయువు 2 సెకన్లయినా అక్కడ నిలవాలి (2026లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి, కాబట్టి ఇక్కడ చెప్పే పరిమితులను వాటితో సరిచూసుకోండి).

ఆక్సిజన్ సంగతి దయచేసి వదలకండి. చిమ్నీలోకి అదనపు గాలి చేరితే కాలుష్యం పలచబడి అంకె తగ్గుతుంది. అందుకే ప్రతి అంకెనూ 11 శాతం ఆక్సిజన్‌కు సరిచేయాలని నిబంధన. ఉదాహరణకు, 16 శాతం ఆక్సిజన్ ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ ఘనపు మీటరుకు 60 మిల్లీగ్రాములని చూపిందనుకోండి. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం కాబట్టి, 60ని (21-11)తో గుణించి (21-16)తో భాగిస్తే 120 వస్తుంది. అరగంట సరాసరికి పరిమితి 100. అంటే 60 అని చూసి ఊరట పడాల్సిన పని లేదు, అది పరిమితి దాటినట్టే.

ప్రశ్న: మరి డయాక్సిన్ల మాటేమిటండీ?

అదే వ్యక్తి జవాబు: చిమ్నీలో నిరంతరం కొలిచే యంత్రాలు వాటిని కొలవవు. గంటల తరబడి నమూనా తీసి ప్రయోగశాలకు పంపాలి. పరిమితి ఘనపు మీటరుకు 0.1 నానోగ్రాము. మంట సరిగా అందుకోనప్పుడు, పొగ సుమారు 450 నుంచి 200 డిగ్రీలకు నెమ్మదిగా చల్లారేటప్పుడు ఇవి ఎక్కువగా పుడతాయి. కొలిమి నిలకడగా మండుతున్న పగటిపూట తీసిన ఒక్క నమూనా చూపి రాత్రి పొగకు పూచీ ఇస్తే ఒప్పుకోకూడదు. చివరి డయాక్సిన్ నివేదికతో పాటు నమూనా తీసిన తేదీ, సమయం, అప్పటి ఉష్ణోగ్రత, కొలిమి ఆపి మళ్ళీ వెలిగించిన వేళల పట్టిక కూడా అడగండి. అవి మీ పుస్తకంలోని వాసన వేళలతో కలిస్తే, ఆ వేళల్లోనే మళ్ళీ నమూనా తీయమని మండలికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

మొదటి వ్యక్తి: అమ్మగారిని ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించండి. వాసన వచ్చే వేళల్లో కిటికీలు మూసి ఉంచండి. గుడ్డ మాస్కు ఈ పొగకు చాలదు.