సేవ చేసినవాళ్ల గంటలు, కాలనీ సర్వే: లెక్క ఎలా కట్టాలి?

ప్రశ్న (అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ):
2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు మా వీధుల కుర్రాళ్లు, ఆడవాళ్లు కలిసి మొదలుపెట్టిన పని ఇంకా నడుస్తోందండి. వానలకు ముందు డ్రెయిన్లు చూసుకోవడం, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల జాబితా, భోజనం ప్యాకెట్లు, ఆస్పత్రికి తోడు. ఇప్పుడొక దాత ఎంతమంది ఎన్ని గంటలు చేశారో చూపించమన్నారు. మా దగ్గర వాట్సాప్ పోల్స్ తప్ప ఏమీ లేవు. కాలనీలో సుమారు 1200 ఇళ్లు. చిన్న సర్వే కూడా చేద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (విజయవాడ, సేవా సంస్థల రికార్డులు చూసేవారు):
పోల్‌ని హాజరు కింద తీసుకోవద్దు. వస్తామని నొక్కినవాళ్లంతా రారు, నొక్కనివాళ్లు కొందరు వచ్చేస్తారు. ఒక పొడుగు నోటుబుక్కు చాలు: తేదీ, చోటు, పని, వచ్చిన టైము, వెళ్లిన టైము, సంతకం. ఎనిమిది పదిమందికి ఒకరు బాధ్యులుగా ఉండి, పని అయిన చోటే రాయించాలి. నెలాఖరున అడిగితే అందరూ గుండుగుత్తగా పదో ఇరవయ్యో చెబుతారు, ఆ అంకెలు దేనికీ పనికిరావు. పావుగంటకు సరిచేసి రాస్తే సరిపోతుంది.

దారిలో ఖర్చయిన సమయానికి వేరే గడి పెట్టండి. పడవ కోసమో, వ్యాను కోసమో డ్యూటీలో నిలబడ్డ సమయాన్ని మాత్రం పనిలోనే వేయాలి. ఈ నియమం ముందే రాసి పెట్టుకోండి, తర్వాత మారిస్తే రెండు నెలల లెక్కలు పోల్చలేరు. రిజిస్టరులో ఆధార్ నంబరు వద్దు, ఫోన్ చివరి నాలుగంకెలు చాలు. 18 ఏళ్లలోపు పిల్లలుంటే తల్లిదండ్రుల సంతకం తీసుకోండి.

దాత రూపాయల్లో విలువ అడిగితే, అదే పని కూలికిచ్చి చేయిస్తే ఎంతయ్యేదో ఆ రేటు వేయండి. ప్యాకెట్లు కట్టిన డాక్టరుగారి గంటకు ప్యాకింగ్ కూలి రేటే పడాలి. ఆయన వైద్య శిబిరంలో కూర్చుంటే అప్పుడు డాక్టరు రేటు. ఈ మొత్తాన్ని విరాళాల ఖాతాలో కలపకుండా నివేదికలో విడిగా చూపించండి.

జవాబు (గుంటూరు, ఇంటింటి సర్వేలకు శిక్షణ ఇచ్చేవారు):
సర్వేలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ప్రశ్న మాట. "మీరు వాలంటీరుగా పనిచేశారా?" అని అడిగితే మన దగ్గర 2019లో ప్రభుత్వం పెట్టిన వార్డు వాలంటీర్లే గుర్తొస్తారు, లేదనేస్తారు. వాళ్లకు నెలకు 5000 గౌరవవేతనం ఉండేది కాబట్టి మీరు కొలవాల్సింది అది కాదు. "సేవ" అన్నా ఇబ్బందే. వరదలో యాభై మందికి పులిహోర కలిపి పంపినావిడ "నేనేం సేవ చేశానండీ, కాస్త వండి పెట్టా" అంటారు. అలా ఆడవాళ్ల పనంతా లెక్కలోంచి జారిపోతుంది.

అందుకే పనుల పేర్లు పెట్టి అడగండి: "గడిచిన నాలుగు వారాల్లో, మీ ఇంటివాళ్లకు కాకుండా ఇతరులకు, డబ్బు తీసుకోకుండా, ఈ పనులేమైనా చేశారా: వండి పంపడం, ఆస్పత్రికి తోడు వెళ్లడం, దరఖాస్తు రాసిపెట్టడం, డ్రెయిను పూడిక తీయడం, పిల్లలకు చదువు చెప్పడం?" అవునంటే ఒక్కో పనికీ ఎన్నిసార్లు, సారికి ఎన్ని గంటలు, సంఘం తరఫునా సొంతంగానా అన్నవి అడగాలి. స్వచ్ఛంద సేవకు 2013లో కార్మిక గణాంకాల అంతర్జాతీయ మహాసభ ఒప్పుకున్న నిర్వచనం కూడా ఇదే దారిలో ఉంది: నాలుగు వారాల్లో లేదా నెలలో కనీసం ఒక గంట, జీతం లేకుండా, ఎవరి బలవంతమూ లేకుండా, ఇతరుల కోసం. డిగ్రీలో తప్పనిసరిగా చేయాల్సిన ప్రాజెక్టు గంటలు ఇందులోకి రావు. ఎన్‌ఎస్‌ఎస్‌లో (విద్యార్థుల జాతీయ సేవా పథకం) చేరడం విద్యార్థి ఇష్టం కనుక వస్తాయి, కాకపోతే విడిగా గుర్తు పెట్టండి. మన దేశంలో 2019లోనూ 2024లోనూ జరిగిన టైమ్ యూజ్ సర్వే, అంటే జనం ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తారో చూసే సర్వే, ఒక్కొక్కరినీ ఒక్క రోజు గురించే, తెల్లవారుజామున 4 నుంచి మర్నాడు 4 దాకా, అరగంట గడుల్లో అడుగుతుంది. నెలకోసారి చేసే సాయం అందులో చాలావరకు దొరకదు. మీకు నాలుగు వారాలే మేలు.

1200 ఇళ్లలో 120 తీసుకోండి. ఒకటి నుంచి పది దాకా రాసిన చీటీల్లో ఒకటి తీసి, ఆ నంబరు తలుపుతో మొదలుపెట్టి ప్రతి పదో తలుపు. భవనాలు కాదు, తలుపులు లెక్కపెట్టండి, లేకపోతే పై అంతస్తుల్లో అద్దెకున్నవాళ్లు మిగిలిపోతారు. తాళం వేసి ఉంటే పక్కింటికి వెళ్లొద్దు. సాయంత్రం ఒకసారి, ఆదివారం పొద్దున ఒకసారి మళ్లీ వెళ్లండి. పగలు ఇంట్లో ఉన్నవాళ్లతోనే నింపేస్తే ఉద్యోగస్తుల సంగతి తెలియనే తెలియదు. ఇంట్లో 15 ఏళ్లు నిండినవాళ్ల పేర్లు చీటీలు వేసి, వచ్చినవాళ్లనే అడగాలి. తలుపు తీసిన పెద్దాయనే అందరి తరఫునా చెబుతానంటారు, మర్యాదగా కాదనాలి. మీ వీధిలో మీవాళ్లే అడిగితే మొహమాటానికి ఎక్కువ చెబుతారు, పక్క కాలనీ సంఘంతో మనుషుల్ని మార్చుకోండి. అసలు సర్వేకి ముందు వేరే వీధిలో పది ఇళ్లలో ప్రశ్నలు సరిచూసుకోండి.

120 ఇళ్లలో అడిగితే, సాయం చేశామన్నవాళ్ల శాతం అసలు లెక్కకు దాదాపు 9 పాయింట్లు అటూ ఇటూ ఉండొచ్చు. ఈ ఏడు 30 శాతం, వచ్చే ఏడు 35 శాతం వస్తే పెరిగిందని దాతకు చెప్పకూడదు.

ప్రశ్న (అజిత్‌సింగ్‌నగర్):
బాగా అర్థమైందండి. ఇంకొక్కటి. మొదట్లో వచ్చినవాళ్లు సగంలో మానేస్తున్నారు. అది ఈ సర్వేలో తెలుస్తుందా?

జవాబు (విజయవాడ):
తెలియదండి. మిగిలినవాళ్లను అడిగితే అంతా బాగుందనే అంటారు. రిజిస్టరులో మూడు నెలలుగా కనపడనివాళ్ల పేర్లు తీసి, సంఘం పెద్దలు కాకుండా వేరేవాళ్లతో ఫోన్ చేయించండి. మూడే ప్రశ్నలు: చివరిసారి ఏ పనికి వచ్చారు, ఆరోజు ఇబ్బందైంది ఏమిటి, ఏ రోజు ఎంతసేపు రాగలరు. సాధారణంగా బయటపడేవి చిన్నవే: వచ్చాక పనేమిటో చెప్పేవాళ్లు లేకపోవడం, సొంత పెట్రోలు, రెండు గంటలని పిలిచి రాత్రి దాకా ఉంచడం. పెట్రోలు బిల్లు ఉన్నంతే ఇవ్వండి, అది జీతం కిందికి రాదు. పనిని రెండేసి గంటల ముక్కలు చేసి ముందురోజు రాత్రి ఫోన్‌లో చెప్పండి. మురుగునీటి పనికైతే గమ్‌బూట్లు, రబ్బరు గ్లోవ్స్ సంఘమే కొనాలి. కాలికి పుండో గాయమో ఉన్నవాళ్లను నీళ్లలోకి దించొద్దు, ఎలుక జ్వరం అలాగే అంటుకుంటుంది. వాళ్లకు జాబితా పనో వంట పనో ఇవ్వండి.