హత్య ఎవరు చేశారు? డైరీ అనువాదంలో ఇరుక్కుపోయాను, సాయం చేయండి

తర్జుమారావు
సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను. ఇప్పుడు పదిన్నర. ఒక్క పేజీ కదల్లేదు. ఇంగ్లీషు డైరీ ఒకటి తెలుగు చేస్తున్నాను. కొరుకుడుపడని భాషేం కాదు, కుర్రాడెవరో రోజూ నాలుగు ముక్కలు రాసుకున్నది. నేను చేసింది చేసినట్టు కింద పెడుతున్నాను, చూడండి:

"మంగళవారం మా నాన్న చనిపోయాడు. అందరం స్టేషనుకి వెళ్ళి సాగనంపాం. ఆయన్ని చంపింది నా పాత సహచరుడే. నేను మాత్రం నాలుగో బదిలీలో కూడా ఈ ఊళ్ళోనే ఉన్నాను. మా దర్యాప్తు అధికారిణి ఆదివారం చర్చికి వచ్చింది. వచ్చే నెల ఆవిడకి బాప్తిస్మం."

మూడు పేజీలు తిప్పితే "క్రిస్మస్ కదా, నాన్నతో ఫోన్లో మాట్లాడాను" అంటాడు! చచ్చినాయన ఫోనెలా ఎత్తాడు? హంతకుడు ఎదురుగా ఉంటే దర్యాప్తు చేసేవాళ్ళు బాప్తిస్మం తీసుకోవడమేంటి? డిక్షనరీలు మూడు తిరగేశాను. తెలిసినవాళ్ళు చెప్పండి, కాస్త త్వరగా.

పొడిమాట
సందర్భం?

తర్జుమారావు
పైన రాశాను కదండీ. డైరీ.

పొడిమాట
ఎవరిది. ఏ దేశం. ఏ సంవత్సరం.

కామా మాస్టారు
నాయనా, మూలవాక్యం పెట్టకుండా అనువాదం మాత్రం పెట్టి తప్పు ఎక్కడుందో చెప్పమంటే మేం జోస్యం చెప్పాలా? అదలా ఉంచు. 'బదిలీ' అని హాయిగా వాడేశావు, అది అరబ్బీ నుంచి వచ్చిన మాట. 'స్థానచలనం' అని శుభ్రమైన మాట ఉండగా దీని అవసరమేమిటి? ఇప్పటి అనువాదకులకి చేతికందిన మాట పడేయడం అలవాటైపోయింది. ఈ విషయం ఇదే గుంపులో ఇంతకుముందు కూడా మనవి చేసుకున్నాను.

వసుధ
తర్జుమారావు గారూ, డైరీలో మనుషుల పేర్ల ముందు 'ఎల్డర్' అని ఉంటుందా?

తర్జుమారావు
అందరికీ ఉందండీ! 'పెద్దాయన' అని రాసుకుంటూ పోతున్నాను. పంతొమ్మిదేళ్ళ పెద్దాయనలు సైకిళ్ళేసుకుని తిరుగుతుంటారు. అదీ వింతగానే ఉంది.

వసుధ
😀 మోర్మన్ మిషనరీ డైరీ అని మొదటే అనొచ్చు కదా!

తర్జుమారావు
అట్ట మీదే ఉందండీ.

పొడిమాట
అట్ట మాకు కనపడదు.

వసుధ
మోర్మన్లంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘం వాళ్ళు. వాళ్ళ పిల్లలు ఊరుగాని ఊరెళ్ళి మతప్రచారం చెయ్యడమే 'మిషన్', అందులో ఉన్న ప్రతి కుర్రాణ్ణీ 'ఎల్డర్' అనే పిలుస్తారు. నాతో పనిచేసేవాళ్ళలో ఇద్దరు మిషన్ చేసొచ్చినవాళ్ళే. వాళ్ళ కబుర్లు వినీ వినీ ఈ భాష నాకూ పట్టుబడింది. మీ హత్య కేసు ఇదీ:

అబ్బాయిలకి మిషన్ రెండేళ్ళు, అమ్మాయిలకి ఏడాదిన్నర. ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళకూడదు, ఎప్పుడూ ఇద్దరు. ఆ రెండో మనిషే 'కంపానియన్'. కొత్తగా వచ్చినవాడికి పని నేర్పే మొదటి కంపానియన్‌ని సరదాకి 'నాన్న' అంటారు. రెండేళ్ళూ పూర్తయి ఇంటికి పోతే 'చనిపోయాడు'. పోయేవాడికి ఆఖరి కంపానియన్‌గా ఎవడుంటే వాడు 'చంపినట్టు'. అంటే మీ కుర్రాడికి పని నేర్పినతను గడువు తీరి ఇంటికి బయల్దేరాడు, అతని చివరి రోజుల్లో జతగా ఉన్నది మీవాడి పాత కంపానియన్. శవం లేదు, కేసు లేదు. క్రిస్మస్‌కి ఫోనెత్తింది కన్నతండ్రి.

'ఇన్వెస్టిగేటర్' పోలీసావిడ కాదు. వీళ్ళ దగ్గర పాఠాలు వింటూ, చేరాలా వద్దా అని ఆలోచిస్తున్న మనిషి. ఇప్పుడు ఆ మాట మానేసి 'ఫ్రెండ్' అంటున్నారు. 'ట్రాన్స్‌ఫర్' అంటే సుమారు ఆరు వారాల గడువు. గడువు తీరినప్పుడల్లా ఎవరు ఎవరితో ఉండాలో, ఏ ఊళ్ళో ఉండాలో మార్చవచ్చు, మార్చకపోవచ్చు. 'నాలుగో ట్రాన్స్‌ఫర్ ఇక్కడే' అంటే ఆ ఊళ్ళో నాలుగో విడత నడుస్తోందని. అంటే నాలుగు నెలలు దాటినట్టే.

ఇంతకీ ఏ సంవత్సరం? పొడిమాట గారు అడిగినా మీరు చెప్పలేదు.

తర్జుమారావు
అమ్మయ్య. 2008. జపాన్, సప్పోరో వైపు. సంవత్సరంతో ఏం పనండీ?

వసుధ
చాలా పని. 2008లో ఇంటికి ఫోను ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. మిగతా రోజుల్లో ఉత్తరాలూ, వారానికోసారి ఈమెయిలూ. 2019 ఫిబ్రవరి నుంచి వారం వారం మాట్లాడుకోనిస్తున్నారు. ఈ సంగతి తెలియకపోతే మీ పాఠకులు 'వీడేంటి, అమ్మకి ఫోన్ కూడా చెయ్యడు' అనుకుంటారు. వయసు కూడా అంతే. అప్పుడు అబ్బాయిలు పంతొమ్మిది నిండాకే వెళ్ళాలి, 2012 అక్టోబరులో దాన్ని పద్దెనిమిదికి తగ్గించారు.

నామవాచకం
క్షమించాలి, చర్చ మొత్తం తప్పు పేరుతో నడుస్తోంది. 'మోర్మన్' అనకూడదు. 2018లో వాళ్ళ అప్పటి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ స్వయంగా చెప్పారు, సంఘాన్ని పూర్తి పేరుతోనే పిలవమని. ఆ ఏడే వాళ్ళ పేరుమోసిన గాయకబృందం మోర్మన్ టాబర్నాకిల్ కాయిర్ కూడా తన పేరులోంచి 'మోర్మన్' తీసేసుకుంది. మీ అనువాదంలో ప్రతిచోటా 'యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం' అని రాయాలి.

పొడిమాట
డైరీ 2008ది.

నామవాచకం
అయితే? అనువాదం ఇప్పటిది. ఎవరిని ఎలా పిలవాలో వాళ్ళిష్టం కాదా?

వసుధ
ఆ అబ్బాయే తనని తాను మోర్మన్ అని రాసుకుంటే మనమెవరం దిద్దడానికి? అప్పట్లో వాళ్ళూ మొహమాటం లేకుండా వాడినదే. ముందుమాటలో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది.

నామవాచకం
ఒక్క వాక్యం సరిపోదు.

సైకిలు బాబాయ్
సప్పోరో అన్నారు కాబట్టి అడుగుతున్నా. చలికాలం సైకిళ్ళు ఏంచేశారు? అక్కడ మంచు నడుంలోతు పడుతుందే! టైర్లకి మేకులు కొట్టించారా, లోపల పెట్టేసి నడిచారా? డైరీలో ఉంటే ఆ భాగం పెట్టండి. గొలుసుకి మంచు ఉప్పు తగిలితే నెలలో తుప్పు, నా అనుభవం.

తర్జుమారావు
బాబాయ్, డిసెంబరు నుంచి నడకే. ఒక సందేహం తీరింది కదా, ఇంకోటి. ఒక ముసలావిడ ఇంట్లోకి పిలిచి టీ ఇస్తే 'మేం టీ తాగం' అన్నారట. ఆవిడ లోపలికెళ్ళి ఇంకో టీ తెస్తే రెండేసి గ్లాసులు తాగారట. ఇదేం న్యాయం?

వసుధ
మొదటిది గ్రీన్ టీ అయ్యుంటుంది. టీ, కాఫీ, మద్యం, పొగాకు వాళ్ళకి నిషిద్ధం. 1833 నాటి నియమం అది. రెండోది 'ముగిచా', వేయించిన బార్లీ గింజలు కాచిన నీళ్ళు. టీ ఆకు ఉండదు కనుక అభ్యంతరం లేదు. మీరు 'బార్లీ నీళ్ళు' అని రాసేయండి, గొడవుండదు.

కామా మాస్టారు
'సహచరుడు' సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 'నా సహచరుడు లేకుండా వీధిలోకి వెళ్ళను' అంటే తెలుగులో మొగుడూ పెళ్ళాల వ్యవహారంలా లేదూ? 'జతగాడు' అనండి.

వసుధ
జతగాడు ఇంకా ఘోరం మాస్టారూ 😀 జపాన్లో వాళ్ళు 'దోర్యో' అంటారు, తోటి ఉద్యోగి అని అర్థం. ఎల్డర్‌ని 'చోరో' అంటారు, అది నిజంగా వయసు మళ్ళిన పెద్దమనిషిని అనే మాట. అక్కడా పంతొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి అదే పిలుపు పిలుస్తారు! కాబట్టి మీ 'పెద్దాయన' మరీ అంత తప్పేం కాదు. నేనైతే ఎల్డర్‌ని ఎల్డర్‌గానే ఉంచేస్తాను.

కామా మాస్టారు
ఇంగ్లీషు మాట ఉంచేయడానికి అనువాదం దేనికి?

పొడిమాట
చదివేదెవరు?

తర్జుమారావు
అది చెప్పలేదా? డైరీ రాసినాయన తెలుగమ్మాయిని చేసుకున్నాడు. వాళ్ళత్తగారికి ఇంగ్లీషు రాదు. అల్లుడు కుర్రతనంలో ఏం చేశాడో చదవాలని ఆవిడ సరదా. అచ్చువేసేది కాదు, ఆవిడొక్కరి కోసమే.

కామా మాస్టారు
ముందే చెప్పాల్సింది! అత్తగారు చదివేదైతే ఆ 'చంపాడు' తక్షణం తీసెయ్. అల్లుడి స్నేహితులు హంతకులని గుండె పట్టుకుంటుంది.

వసుధ
తీసేస్తే ఇంకేం మిగులుతుందండీ? పొద్దున్న ఆరున్నరకి లేచి, చదువుకుని, ఇంటింటి తలుపూ తట్టి, కాదనిపించుకుని, సాయంత్రం ఉచితంగా ఇంగ్లీషు క్లాసు చెప్పి, రాత్రి పదిన్నరకి పడుకునే పిల్లలు. రెండేళ్ళు అదే దినచర్య. వారానికి ఒక్క రోజు బట్టలుతుక్కోడానికి, ఇంటికి రాసుకోడానికి. ఆ జోకులే వాళ్ళని నిలబెట్టాయని మావాళ్ళు చెబుతారు. మొదటిసారి వచ్చినచోట ఒక వివరణ రాసి అలాగే ఉంచండి. ఆవిడకి నవ్వు రాకపోతే నన్నడగండి.

నామవాచకం
అత్తగారికైనా సరైన పేరు తెలియాలి కదా.

తర్జుమారావు
సరే, 'చంపాడు' ఉంచుతా, బ్రాకెట్లో రాస్తా. థాంక్సండీ వసుధగారూ. కంపానియన్‌కి ఏం పెట్టాలో ఇంకా తేల్లేదు, పొద్దున్న చూస్తా. నిద్రొస్తోంది.

సైకిలు బాబాయ్
మరి మంచు కరిగాక సైకిళ్ళు పనిచేశాయా?

కామా మాస్టారు
ఆ మూడు డిక్షనరీలు ఏవో చెప్పలేదు.