కరపత్రంలో ఏ మాట రాయాలి?

ప్రశ్న: ‘పునరుత్పాదక ఇంధనం’ అని రాస్తే మా అమ్మ చదివి, “అంటే కాల్చినా మళ్ళీ పుడుతుందా?” అంది. బయోడీజిల్, రెన్యువబుల్ డీజిల్ రెండిటికీ ‘జీవ ఇంధనం’ అని రాసేస్తే సరిపోతుందా? రెండూ ఒకటే కదా?

జవాబు: ఒకటి కాదండీ. రెండూ నూనెలు, కొవ్వుల నుంచే చేస్తారు. మిథనాల్‌తో చర్య జరిపితే బయోడీజిల్. హైడ్రోజన్‌తో శుద్ధి చేస్తే రెన్యువబుల్ డీజిల్, అది రసాయనికంగా మామూలు డీజిల్ లాంటిదే. బి20 అంటే మామూలు డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలిపిందని కూడా రాయండి, చాలామందికి ఆ అంకె అర్థం కాదు.

ఇంకో జవాబు: ‘హరిత ఇంధనం’ మాత్రం వద్దు. కాలిస్తే పొగగొట్టంలోంచి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కదా! మీది వాడేసిన వంటనూనెతో చేసిందైతే, నేనైతే ‘వాడేసిన వంటనూనెతో చేసిన డీజిల్’ అని నేరుగా రాస్తాను.

అడిగినవారు: అమ్మకి చదివి వినిపించా. “ఈ ముక్క ముందే రాయొచ్చుగా” అంది.