‘రాగానే’ అని రాయాలా, ‘లేకపోతే’ అని రాయాలా?

అందరికీ నమస్కారం. ఒక వాక్యం గురించి మీ అభిప్రాయం కావాలి. వాక్యం చిన్నదే, కానీ దాని వల్ల నాకు ఒక రాత్రి నిద్ర పోయింది.

నేను కుబెర్నెటిస్ క్లస్టర్లు చూసే పనిలో ఉన్నాను. క్లస్టర్‌లో ఏ మార్పు వస్తే ఏ పని తనంతట తాను జరగాలో ముందు తెలుగులో ఒక వాక్యం రాసుకుంటాను. తర్వాత ఆ వాక్యాన్ని ఎదురుగా పెట్టుకుని స్క్రిప్టు రాస్తాను. అలా రాసుకున్న వాక్యం ఇది:

“కొత్త నేమ్‌స్పేస్ రాగానే అందులోకి రిజిస్ట్రీ సీక్రెట్‌ను కాపీ చేయాలి.”

ఈ రంగంలో లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కుబెర్నెటిస్ అంటే చాలా కంప్యూటర్లను ఒక క్లస్టర్‌గా కలిపి వాటి మీద ప్రోగ్రాములు నడిపే వ్యవస్థ. ఆ కంప్యూటర్లలో ఒక్కోటి ఒక నోడ్, వాటి మీద ప్రోగ్రాము నడిచే పొట్లం పాడ్. నేమ్‌స్పేస్ అంటే క్లస్టర్‌లో ఒక విభాగం, ఒక్కో టీమ్‌కి ఒకటో రెండో ఉంటాయి. ఇమేజ్ అంటే నడపడానికి సిద్ధంగా కట్టిన ప్రోగ్రాము ప్యాకేజీ, రిజిస్ట్రీ అంటే వాటిని దాచే చోటు. రిజిస్ట్రీ సీక్రెట్ అంటే ఆ ఇమేజ్‌లను తెచ్చుకోవడానికి కావలసిన లాగిన్ వివరాలు. అది లేని నేమ్‌స్పేస్‌లో ప్రైవేటు రిజిస్ట్రీ నుంచి రావలసిన ఇమేజ్ రాదు, పాడ్ మొదలుకాదు.

దీనికి షెల్ ఆపరేటర్ అనే టూల్ వాడాను. మనం రాసిన చిన్న స్క్రిప్టును అది ‘హుక్’ అంటుంది. నేమ్‌స్పేస్‌లను గమనిస్తూ ఉండి, ఏదైనా చేరినా, మారినా, తొలగినా ఆ హుక్‌ను నడుపుతుంది. నా హుక్ ‘యాడెడ్’ అన్న కబురు వస్తే సీక్రెట్‌ను కాపీ చేసేది. పైన రాసిన వాక్యం ఎలా ఉందో స్క్రిప్టు అచ్చంగా అలాగే ఉంది.

ఒక రాత్రి మెయింటెనెన్స్ కోసం ఒక నోడ్‌ను ఖాళీ చేశారు. షెల్ ఆపరేటర్ ఆ నోడ్ మీదే ఉంది. అది ఇంకో నోడ్ మీద లేచేలోపు రెండు కొత్త నేమ్‌స్పేస్‌లు వచ్చాయి. లేచాక అది అప్పటికి ఉన్న నేమ్‌స్పేస్‌లన్నిటి జాబితాను ‘సింక్రనైజేషన్’ అన్న పేరుతో నా హుక్‌కి ఇచ్చింది కూడా. నా హుక్ దాన్ని పట్టించుకోలేదు. నేను రాసుకున్నది ‘రాగానే’ కదా, అవి ముందే వచ్చేశాయి. పాడ్‌లన్నీ ఇమేజ్‌పుల్‌బ్యాకాఫ్‌లో, అంటే ఇమేజ్ రాక ఆగి ఆగి మళ్ళీ ప్రయత్నించే స్థితిలో, నిలబడ్డాయి. ఆ టెన్షన్‌లో స్క్రిప్టులో తప్పు వెతుకుతూ గంటలు గడిపాను. చివరికి తప్పు వాక్యంలో దొరికింది.

ఇప్పుడు దాన్ని ఇలా మార్చాను:

“నేమ్‌స్పేస్ ఉండి, అందులో రిజిస్ట్రీ సీక్రెట్ లేకపోతే, పెట్టాలి.”

‘రాగానే’ ఒక క్షణాన్ని పట్టుకుని వేలాడుతుంది. ఆ క్షణంలో చూసేవాళ్ళు లేకపోతే ఏం చేయాలో ఆ వాక్యం చెప్పదు. ‘లేకపోతే’కి ఆ బాధ లేదు. ఐదు నిమిషాలు ఆలస్యంగా చూసినా సీక్రెట్ లేదు అన్నది నిజమే, కాబట్టి పని జరుగుతుంది. ఎవరో పొరపాటున సీక్రెట్‌ను తొలగించినా అదే వాక్యం దాన్ని మళ్ళీ పెట్టిస్తుంది. ‘రాగానే’ వాక్యానికి ఆ సంగతి తెలిసే దారే లేదు.

నాకు ఆశ్చర్యం కలిగించింది ‘లేదు’ అన్న మాటే. ‘పోయింది’లో కాలం ఉంది. ‘లేదు’లో లేదు. “నిన్న లేదు, ఇప్పుడూ లేదు” అంటాం, రెండు చోట్లా మాట ఒకటే. ఇంజినీర్లు ఎడ్జ్ ట్రిగ్గర్, లెవెల్ ట్రిగ్గర్ అని పేర్లు పెట్టి చెప్పే తేడా ఇదే కదా అనిపించింది. మొదటిది జరిగినదాన్ని బట్టి కదులుతుంది, రెండోది ఉన్నదాన్ని బట్టి. కుబెర్నెటిస్ కంట్రోలర్లు, అంటే క్లస్టర్‌ను గమనిస్తూ మనం కోరిన స్థితికి తెచ్చే ప్రోగ్రాములు, రెండో దారిలో నడుస్తాయి.

నా ప్రశ్నలు రెండు. ఈ తేడా మీకూ వినిపిస్తోందా? ఈ పద్ధతికి వాడే ‘రీకన్సైల్’ అన్న మాటను తెలుగులో ఏమనాలి?

స్పందన

వినిపిస్తోందండీ. ‘రాగానే’లో ఉన్నది ‘రాగా’, దాని మీద ‘ఏ’. ఒట్టి ‘రాగా’కి అంత తొందర లేదు. “ఆయన రాగా చూశాను” అంటే ఆయన వస్తుండగా చూశాను అనే, వచ్చిన వెంటనే అని కాదు. తొందరంతా ‘ఏ’ తెచ్చినదే. మీ స్క్రిప్టు ఆ ‘ఏ’ని నమ్ముకుంది.

‘లేదు’ గురించి మీరన్నది సరైనదే. “నిన్న నేను ఇంట్లో లేను”, “ఇప్పుడు నేను ఇంట్లో లేను” – క్రియ మారదు. అదే ‘ఉన్నాను’ కూడా. “నిన్న అక్కడే ఉన్నాను”, “ఇప్పుడు ఇక్కడే ఉన్నాను”. ఉండటం, లేకపోవడం అన్న ఈ జంటకు తెలుగులో నిన్నకూ నేటికీ రూపం ఒక్కటే. చెప్పే మాటలో కాలం లేదు, కాలం చుట్టూ ఉన్న మాటల్లో ఉంటుంది.

ఒక అభ్యంతరం మాత్రం ఉంది. ‘లేకపోతే’కి ‘కాకుంటే’, ‘లేదంటే’ అన్న అర్థం కూడా ఉంది. “సీక్రెట్‌ను సరిచూడాలి లేకపోతే పెట్టాలి” అని ఎవరైనా రాస్తే, సరిచూడటమో పెట్టడమో ఏదో ఒకటి చేస్తే చాలు అని అర్థం చేసుకోవచ్చు. సూచనల పత్రంలో అది ప్రమాదం. ‘లేని పక్షంలో’ అనండి.

మొదటి పోస్ట్ రాసినవారి జవాబు

‘ఏ’ గురించి నాకు తట్టలేదండీ, ధన్యవాదాలు. ‘లేని పక్షంలో’ అంటే మాత్రం కోర్టు నోటీసులా ఉంది, అర్ధరాత్రి నిద్రమత్తులో చదివేవాళ్ళకు బరువు. ‘లేకపోతే’కి ముందు ఏది లేకపోతే అన్నది ప్రతిసారీ రాస్తాను. “సీక్రెట్ లేకపోతే” అని ఉంటే రెండో అర్థం రాదు.

స్పందన

నేనూ ఇదే పనిలో ఉన్నానండీ. ‘రాగానే’ కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన మాట ‘మారినప్పుడల్లా’. “కాన్ఫిగ్‌మ్యాప్ మారినప్పుడల్లా సర్వీసును రీస్టార్ట్ చేయాలి” అని రాసుకున్నాను. కాన్ఫిగ్‌మ్యాప్ అంటే ప్రోగ్రాము సెట్టింగులు దాచే వస్తువు. ‘అల్లా’ అంటే పది సార్లు మారితే పది సార్లు అని మాట ఇచ్చినట్టు. కంట్రోలర్ అలా మాట ఇవ్వదు. మార్పుల కబుర్లు వరుసలో చేరతాయి, ఒకే వస్తువు గురించి వచ్చినవి వరుసలో ఉండగానే ఒకటైపోతాయి. పది మార్పులకు ఒక్క పిలుపే రావచ్చు. పైగా కంట్రోలర్ రన్‌టైమ్ లైబ్రరీతో రాస్తే, ఆ పిలుపులో వచ్చేది వస్తువు పేరు, నేమ్‌స్పేస్ పేరు మాత్రమే. ఏం జరిగిందో మామూలుగా చెప్పదు. వెళ్ళి ఇప్పుడు ఎలా ఉందో చూసుకో అన్నట్టు.

ఇంకోటి. మార్పు మన చేతే జరిగినా కబురు వస్తుంది. నా స్క్రిప్టు పని అయ్యాక అదే వస్తువు మీద ‘చివరిసారి సరిచూసిన సమయం’ అని రాసేది. అలా రాయడం కూడా మార్పే కదా. దానికి మళ్ళీ పిలుపు, మళ్ళీ సమయం రాయడం, మళ్ళీ పిలుపు. ఆపేవరకు తిరుగుతూనే ఉంది.

మొదటి పోస్ట్ రాసినవారి జవాబు

మీ వాక్యాన్ని “సర్వీసు పాత కాన్ఫిగ్‌మ్యాప్‌తో నడుస్తూ ఉంటే రీస్టార్ట్ చేయాలి” అంటే? పాతదో కొత్తదో తెలియడానికి కాన్ఫిగ్ హ్యాష్‌ను (సెట్టింగుల నుంచి లెక్కగట్టిన చిన్న గుర్తును) పాడ్ టెంప్లేట్‌లో (పాడ్‌ల నమూనాలో) యానొటేషన్‌గా, అంటే ఒక గమనికగా, పెడితే చాలు, పోల్చి చూడవచ్చు. హ్యాష్ సరిపోతే చేయవలసింది ఏమీ లేదు, పని ఆగిపోతుంది. పది మార్పులకు ఒక్క పిలుపు వచ్చినా నష్టం లేదు, ఒకే మార్పుకు రెండు పిలుపులు వచ్చినా నష్టం లేదు.

స్పందన

అవునండీ, అదే చేశాను చివరికి. తెలుగులో ముందే అలా రాసుకుని ఉంటే బాగుండేది.

స్పందన

ఒక సందేహం. ‘లేదు’ అన్ని చోట్లా పనిచేస్తుందా? సర్వీసును తొలగించినప్పుడు, దాని కోసం క్లస్టర్ బయట పెట్టిన డీఎన్ఎస్ రికార్డును (పేరును చిరునామాకు కలిపే నమోదును) కూడా తీసేయాలి అనుకుందాం. సర్వీసు లేదు. నిజమే. కానీ లేనివి లెక్కలేనన్ని ఉంటాయి కదండీ! వాటిలో ఏది నిన్నటిదాకా ఉండి పోయిందో ‘లేదు’ చెప్పదు. ఇక్కడ ‘పోగానే’ అనక తప్పదేమో. ఆ క్షణంలో ఈ పని చూసే ఆపరేటర్ ప్రోగ్రాము నిద్రలో ఉంటే ఆ రికార్డు అనాథగా మిగులుతుంది.

మొదటి పోస్ట్ రాసినవారి జవాబు

చాలా మంచి ప్రశ్న అండీ. దీనికి కుబెర్నెటిస్‌లో ఉన్న ఏర్పాటు పేరు ఫైనలైజర్. సర్వీసు మీద ముందుగానే మన ఆపరేటర్ పేరుతో ఒక గుర్తు పెడతాం. ఎవరైనా దాన్ని తొలగించమంటే ఏపీఐ సర్వర్ (క్లస్టర్‌కు వచ్చే ఆదేశాలను అందుకునే ప్రోగ్రాము) వెంటనే తొలగించదు. ‘తొలగించమన్న సమయం’ అన్న గడిలో సమయం రాసి, వస్తువును అలాగే ఉంచుతుంది. ఆపరేటర్ బయటి రికార్డును తీసేసి, తన గుర్తును చెరిపేస్తుంది. గుర్తులన్నీ పోయాకే వస్తువు నిజంగా పోతుంది.

తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే రూపం ఉంది: ‘పోబోతోంది’. ‘పోయింది’ అన్నది జరిగిపోయిన సంగతి, ఆ క్షణం తప్పితే చేజారినట్టే. ‘పోబోతోంది’ అన్నది వస్తువు ఉండగా చెప్పే మాట, చూసినప్పుడల్లా కనిపిస్తుంది. ఆపరేటర్ గంట తర్వాత లేచినా “ఇది పోబోతోంది, నా కోసం ఆగింది” అని తెలుసుకుంటుంది. కాబట్టి వాక్యం: “సర్వీసు పోబోతూ ఉంటే, డీఎన్ఎస్ రికార్డును తీసేసి, గుర్తును చెరపాలి.”

దీనిలో కష్టం కూడా ఉంది. ఆపరేటర్‌ను ఎవరైనా శాశ్వతంగా తీసేస్తే ఆ గుర్తు చెరిపేవాళ్ళు ఉండరు. అలాంటి సర్వీసు ఉన్న నేమ్‌స్పేస్‌ను తొలగించమంటే, అది రోజుల తరబడి ‘టెర్మినేటింగ్’ అని చూపిస్తూ ఉండిపోతుంది. పోబోతూనే ఉంటుంది, పోదు. చాలామంది ఆ గుర్తును చేత్తో చెరిపేస్తారు. అప్పుడు బయట ఉన్న రికార్డు సంగతి ఎవరూ చూడరు. ముందు ఆపరేటర్ ఎందుకు లేదో చూడండి అని నా విన్నపం.

స్పందన

రెండో ప్రశ్నకు వస్తాను. ‘రీకన్సైల్’కి మనకు మాటలు ఎక్కువే ఉన్నాయి, అదే చిక్కు. అకౌంట్లలో ‘సమన్వయం’, బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక అని కామర్స్ చదివినవాళ్ళకు తెలుసు. గొడవపడినవాళ్ళ మధ్య ‘సయోధ్య’, ‘రాజీ’. ఇంకా ‘సర్దుబాటు’. నా ఓటు సమన్వయానికి. పాస్‌బుక్కులో ఒక అంకె, మన పుస్తకంలో ఒక అంకె, తేడా ఎందుకు వచ్చిందో చూడటం. స్పెక్, స్టేటస్ అన్న రెండు గళ్ళూ అలాంటివే కదా?

మొదటి పోస్ట్ రాసినవారి జవాబు

దగ్గరగా ఉందండీ, కానీ ఒక తేడా ఉంది. బ్యాంకు సమన్వయంలో రెండు పుస్తకాలకూ సమాన హోదా, తప్పు ఎటువైపైనా ఉండవచ్చు. ఇక్కడ అలా కాదు. స్పెక్‌లో ఉన్నది మనం కోరినది, స్టేటస్ చెప్పేది వాస్తవంగా ఉన్నది. మూడు పాడ్‌లు కావాలని స్పెక్‌లో ఉండి, రెండే ఉంటే, కంట్రోలర్ మూడోదాన్ని తెస్తుంది. ‘రెండు చాలులే’ అని స్పెక్‌ను దిద్దదు. అందుకే ‘రాజీ’ అసలు కుదరదు, ‘సర్దుబాటు’ కూడా ఆ వైపే మొగ్గుతుంది. సరిపెట్టుకోవడం దాని పని కాదు.

కొన్ని రోజులుగా నా మనసులో ఉన్నది ‘చూసుకోవడం’. ‘వాచ్’ని ‘చూడటం’ అంటాం. దానికి ‘కొను’ చేరిస్తే ‘చూసుకోవడం’. “పాపను చూడు” అంటే కళ్ళతో చూస్తే చాలు. “పాపను చూసుకో” అంటే చూడాలి, ఏం కావాలో గ్రహించాలి, అది చేయాలి, మళ్ళీ చూడాలి. ఎంతసేపు అని ఎవరూ చెప్పరు, బాధ్యత ఉన్నంతసేపూ. కంట్రోలర్ లూప్ మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. గమనించడం, పోల్చడం, సరిచేయడం అని మూడు ముక్కలుగా విడగొట్టి చెప్పేదాన్ని మన భాష ఒకే క్రియగా ఎప్పటినుంచో వాడుతోంది.

2016లో కోర్‌ఓఎస్ అనే కంపెనీ ‘ఆపరేటర్’ అన్న పేరు పెట్టినప్పుడు ఉద్దేశం కూడా ఇదే. డేటాబేస్‌నో మరొకదాన్నో అనుభవం ఉన్న మనిషి ఎలా చూసుకుంటారో ఆ తెలివిని ప్రోగ్రాములో పెట్టడం.

స్పందన

‘చూసుకోవడం’ బాగుంది. ఆదేశానికి కూడా ఇందులోంచే మాట వస్తుంది: ‘ఉండేలా చూడు’. “మూడు పాడ్‌లు పెట్టు” అని రెండుసార్లు చెబితే ఆరు అవుతాయో ఏమో. “మూడు పాడ్‌లు ఉండేలా చూడు” అని వందసార్లు చెప్పినా మూడే.

మొదటి పోస్ట్ రాసినవారి జవాబు

ఇది నా నోట్స్‌లో మొదటి పేజీలో రాసుకుంటాను! క్లస్టర్‌కు ఆదేశాలిచ్చే కుబ్‌సీటీఎల్‌ టూల్‌లో ‘క్రియేట్’, ‘అప్లై’ల తేడా ఇదే. ‘క్రియేట్’ అంటే ‘పెట్టు’, ముందే ఉంటే ‘ఆల్రెడీ ఎగ్జిస్ట్స్’ అని ఎర్రర్ ఇస్తుంది. ‘అప్లై’ అంటే ‘ఉండేలా చూడు’, లేకపోతే పెడుతుంది, తేడాగా ఉంటే సరిచేస్తుంది, సరిగా ఉంటే ఊరుకుంటుంది. నా హుక్‌లో ‘క్రియేట్’ ఉంది. సింక్రనైజేషన్ జాబితాను కూడా చూడటం మొదలుపెట్టాక, సీక్రెట్ ఉన్న ప్రతి నేమ్‌స్పేస్ దగ్గరా అది ఎర్రర్ ఇచ్చి ఆగేది. ‘అప్లై’ పెట్టాను.

అందరి మాటలూ కలిపి నా వాక్యం ఇప్పుడు ఇది:

“నేమ్‌స్పేస్ ఉండి, అది పోబోతూ ఉండకపోతే, అందులో సరైన రిజిస్ట్రీ సీక్రెట్ ఉండేలా చూడాలి.”

పోబోతున్న నేమ్‌స్పేస్‌లో కొత్తది ఏదీ పెట్టనివ్వరు, అందుకే ఆ మధ్య ముక్క. సీక్రెట్‌ను ఎవరైనా తొలగిస్తే కూడా పిలుపు రావాలి కాబట్టి హుక్ ఇప్పుడు సీక్రెట్‌లను కూడా గమనిస్తోంది. అదనంగా పావుగంటకోసారి షెడ్యూల్ మీద కూడా నడుస్తుంది.

స్పందన

‘పోబోతూ ఉండకపోతే’ నోరు తిరగడం లేదండీ. “నేమ్‌స్పేస్ ఉన్నంతకాలం, అందులో సరైన రిజిస్ట్రీ సీక్రెట్ ఉండేలా చూడాలి” అని రాసి, పోబోతున్నవాటి సంగతి కింద వేరే వాక్యంగా పెట్టండి.

మొదటి పోస్ట్ రాసినవారి జవాబు

‘ఉన్నంతకాలం’! అలాగేనండీ, ఇప్పుడే మారుస్తున్నాను.