పొదుపు పార్టీ, సంక్షేమ పార్టీ ఒకే ప్రభుత్వంలో ఇమడగలవా?

పద్దుపుస్తకం: లోటు పెరగకూడదు, అప్పు అదుపులో ఉండాలి అనేది ఒక పార్టీ. పింఛను, వైద్యం, నిరుద్యోగ భృతి ముందు, మిగతావి తర్వాత అనేది ఇంకో పార్టీ. రెండూ కలిసి ప్రభుత్వం నడపగలవా? నడపగలవనే నా వాదన. నెదర్లాండ్స్‌లో 1994 నుంచి 2002 దాకా లేబర్ పార్టీ నేత విమ్ కోక్ ప్రధాని, పొదుపు వైపు నిలిచే ఉదారవాద పార్టీకి చెందిన ఖెరిట్ జాల్మ్ ఆర్థిక మంత్రి. జాల్మ్ పద్ధతి ఇది. నాలుగేళ్ల ఖర్చుకు మొదట్లోనే హద్దు గీస్తారు. కేంద్ర బడ్జెట్, సామాజిక భద్రత, ఆరోగ్యం, మూడింటికీ వేర్వేరు హద్దులు. వృద్ధి అంచనాను కావాలనే తగ్గించి వేస్తారు. రాబడి అనుకున్నదానికన్నా ఎక్కువొచ్చినా ఆ డబ్బుతో ఖర్చు పెంచడానికి లేదు. తక్కువొస్తే అప్పటికప్పుడు కోత పెట్టక్కర్లేదు. దాంతో బడ్జెట్ గొడవ ఏడాది పొడవునా సాగకుండా ఒకసారితో తేలిపోయేది.

ఎర్రమందారం: జర్మనీని కూడా చూడండి. 2005 ఎన్నికల్లో క్రిస్టియన్ డెమోక్రాట్లు వ్యాట్‌ను 16 నుంచి 18 శాతం చేస్తామన్నారు. సోషల్ డెమోక్రాట్లు అసలు పెంచొద్దన్నారు. ఇద్దరూ కలిసి ప్రభుత్వం పెట్టి 2007 జనవరి 1 నుంచి 19 చేశారు. ఒకరు రెండు పాయింట్లన్నారు, ఒకరు సున్నా అన్నారు, జనం నెత్తిన పడింది మూడు. ఇది ఇమడడమా?

లెక్కలమాస్టారు: సగం లెక్కే చెప్పారు. ఆ మూడు పాయింట్లలో ఒకటి నిరుద్యోగ బీమా చందా తగ్గించడానికి పోయింది. చందా 6.5 శాతం నుంచి 4.2కి దిగింది. ఏడాదికి రెండున్నర లక్షల యూరోలు దాటిన ఆదాయంపై 45 శాతం పన్ను కూడా అప్పుడే వచ్చింది, అది సోషల్ డెమోక్రాట్ల పట్టు. ఆహారంపై 7 శాతం రేటు కదల్లేదు.

ఎర్రమందారం: నిరుద్యోగ బీమా చందా కట్టేది ఉద్యోగి, యజమాని. పింఛనుదారుడు కట్టడు. వాళ్లకి చందా తగ్గిన లాభం పైసా లేదు, బట్టలు, ఫర్నిచర్, మరమ్మతుల మీద మూడు పాయింట్ల భారం మాత్రం పూర్తిగా ఉంది. దీనికి జవాబు చెప్పండి.

లెక్కలమాస్టారు: పింఛనుదారుల జేబు ఒక్కటే దేశం కాదు. కూలి మీద భారం తగ్గితే ఉద్యోగాలు పెరుగుతాయి, పింఛనుకు డబ్బు వచ్చేది కూడా ఆ ఉద్యోగాల నుంచే.

చిరుగాలి: ఒక్క వ్యాట్ పట్టుకుని ఇద్దరూ అసలు ప్రశ్న వదిలేశారు.

పద్దుపుస్తకం: నిజమే. ఇలాంటి పొత్తు ఎక్కడ తెగుతుందో చెప్తాను, నా వాదనకు ఎదురుగా ఉన్నదైనా సరే. ఖర్చుకు హద్దు గీస్తే ఒత్తిడి పక్కదారి వెతుక్కుంటుంది. ఒకటి పన్ను మినహాయింపు, అది ఖర్చు పద్దులో కనపడదు. రెండోది బడ్జెట్ బయట పెట్టే ప్రత్యేక నిధి. జర్మనీలో 2021లో వచ్చిన మూడు పార్టీల ప్రభుత్వం పన్నులు పెంచబోమంది, 2009లో రాజ్యాంగంలో రాసుకున్న అప్పు హద్దు (కేంద్రానికి, మాంద్యం, ఊపు లాంటి ఎగుడుదిగుళ్ల ప్రభావం తీసేశాక, జీడీపీలో 0.35 శాతం) దాటబోమంది, పర్యావరణానికి భారీగా పెట్టుబడి పెడతామంది. మూడూ ఒకేసారి కుదరవు. ఆ ఖాళీ పూడ్చడానికి, కొవిడ్ కోసం అనుమతించి వాడని 6,000 కోట్ల యూరోల అప్పు అధికారాన్ని వాతావరణ నిధికి మళ్లించారు. 2023 నవంబర్ 15న రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. ఏడాది తిరక్కుండానే, 2024 నవంబర్ 6న, ఛాన్సలర్ ఆర్థిక మంత్రిని తొలగించారు, ప్రభుత్వం కూలింది. ఒప్పందం రాసిన రోజే ఆ లెక్కలో చిల్లు ఉంది.

లెక్కలమాస్టారు: అందుకే హద్దులు గీసేటప్పుడు మొత్తాన్ని ముందు తేల్చాలి. స్వీడన్‌లో 1990ల సంక్షోభం తర్వాత ఖర్చుల కోతను ముందుండి నడిపింది సోషల్ డెమోక్రాట్ యోరాన్ పెర్షన్, 1994లో ఆర్థిక మంత్రి అయ్యాక. 1997 నుంచి పార్లమెంటు మొదట మొత్తానికి ఓటేస్తుంది, తర్వాతే 27 పద్దులకు పంచుతుంది. ఒక పద్దు పెంచాలంటే ఇంకోటి ఏది తగ్గాలో చెప్పాల్సిందే. పొదుపు అంటే సంక్షేమానికి శత్రువనే మాట ఇక్కడ నిలవదు.

ఎర్రమందారం: మీరు చూపే ప్రతి విజయంలోనూ ఒకే పక్షం దిగొచ్చింది, మాస్టారూ! మళ్లీ నెదర్లాండ్స్‌కే రండి. 2012లో లేబర్ పార్టీ ఉదారవాదులతో చేరింది. నిరుద్యోగ భృతి గరిష్ఠ కాలం 38 నెలల నుంచి 24కి తగ్గించే చట్టానికి సంతకం పెట్టింది. 2017లో ఆ పార్టీ సీట్లు 38 నుంచి 9కి పడ్డాయి. వాళ్ల భాగస్వామి 41 నుంచి 33కి దిగి ప్రధాని పదవి నిలబెట్టుకుంది. దీన్ని సహజీవనం అనకండి.

లెక్కలమాస్టారు: ఓట్లు పోవడం వేరు, పాలన విఫలమవడం వేరు. రెండూ కలిపేసి గంటనుంచి వాదిస్తున్నారు.

ఎర్రమందారం: వేరు కాదు! ఓటరుకు ఎదురు చెప్పే దారి మూసుకుపోతే మిగిలేది ఆ 9 సీట్లే.

నీటిగడియారం: ఇద్దరికీ ఒకటే ప్రశ్న. డబ్బు తక్కువ పడిన రోజు ఎవరికి కోత పడాలో ముందే చట్టంలో రాసేయాలా, ఆ రోజు ఎన్నికైనవాళ్లు తేల్చాలా?

లెక్కలమాస్టారు: ముందే రాయాలి. స్వీడన్ పింఛను అలాంటిదే. చందా జీతంలో 18.5 శాతం. 16 శాతం ఇప్పటి పింఛన్లకు, 2.5 శాతం వ్యక్తిగత ఖాతాకు. వ్యవస్థ బాకీలు ఆస్తులను మించితే పింఛన్లను ఏటా సవరించే సూచీ బ్రేకు పడ్డట్టు తనంతట తానే తగ్గుతుంది, ఎవరూ ఓటేయక్కర్లేదు. 1994లో సోషల్ డెమోక్రాట్లు, కుడి పక్షాలు కలిపి ఐదు పార్టీలు ఈ మార్గానికి ఒప్పుకున్నాయి. మీరడిగిన సహజీవనం ఇదే.

ఎర్రమందారం: మరి ఆ బ్రేకు నిజంగా పడే సమయానికి ఏమైంది? మాంద్యం దెబ్బకు 2010లో పింఛన్లు తగ్గాల్సొచ్చింది. దానికి ముందే పార్లమెంటు పింఛను నిల్వ నిధి విలువ లెక్కను మూడేళ్ల సగటుకు మార్చి దెబ్బను కొన్నేళ్లకు పరిచింది. పింఛనుదారుల ఆదాయ పన్ను కూడా తగ్గించింది. అంటే మనుషులే చెయ్యి పెట్టారు, పెట్టాల్సిందే.

లెక్కలమాస్టారు: పెట్టారు, కానీ బడ్జెట్‌లో అందరికీ కనపడేలా, ఆ ఏడాది డబ్బుతో. రేపటి ఉద్యోగి చందా 18.5 దాటలేదు. నేను కాపాడమంటున్నది ఆ అంకెనే.

ఎర్రమందారం: నేను ఒప్పుకోనిదీ అదే. కొరతలో సగం చందా పెంచి, సగం పింఛను తగ్గించి పూడ్చాలి, ఆ సగం సగం నిష్పత్తి ప్రతి ఎన్నికలో మార్చుకునే వీలుండాలి. అలా రాస్తే మీ బ్రేకుకు నేనూ సంతకం పెడతాను.

పద్దుపుస్తకం: మాస్టారూ, 18.5 మీద అర శాతం దాకా పెంచే వీలు ఇస్తే మీకు అభ్యంతరమా?

లెక్కలమాస్టారు: అభ్యంతరమే. ఈ ఏడాది అర శాతం, పైఏడు మళ్లీ అర శాతం అంటారు.